కుండ తట్టి చూసే హక్కు

కుండ కొనేవాళ్లు ముందు దాన్ని వేలితో తట్టి చూస్తారు. ఖంగుమంటే బాగా కాలినట్టు, మొద్దుగా పలికితే యాడనో నెర్రె ఉన్నట్టు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. మా అవ్వకు మాత్రం తట్టే హక్కు లేదు. సంతలో కుండల వరసకు బారెడు దూరంలో నిలబడి, "అది ఇయ్యి సామీ" అని వేలు చూపించాల. చూపించినదాన్ని కుమ్మరాయన తెచ్చి నేల మీద పెట్టి పక్కకు జరుగుతాడు. అవ్వ డబ్బులు నేల మీద పెట్టి కుండ ఎత్తుకోవాల. ఇంటికి తెచ్చి నీళ్లు పోస్తే కారిందనుకో, వాపసు తీసుకునేది లేదు. మాదిగామె చెయ్యి తగిలిన కుండను ఇంకెవరు కొంటారు? మా అమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు ఏడ్చేది కాదు, నవ్వేది. "మీ అవ్వ కొన్న కడవల్లో సగం చెట్లకు నీళ్లు పోసేదానికే పనికొచ్చినాయి రా" అనేది.

ఈ అంటు మట్టికే ఎందుకింత గట్టిగా పట్టుకుంది? ఇత్తడి చెంబుకు మా గాలి సోకితే చింతపండు, బూడిద వేసి తోమి ఇంట్లోకి తీసుకుపోతారు. మనుస్మృతి ఐదో అధ్యాయంలో ఈ తోముడు లెక్క అంతా రాసిపెట్టారు. లోహాలకు బూడిద, పులుపు, నీళ్లు చాలు. మట్టిపాత్రనైతే మళ్లీ కాల్చాల. కొన్ని మైలలకు కాల్చినా లాభం లేదు.

దీనికి కుండ తయారీలోనే ఒక వంక దొరికింది వాళ్లకు. మా పల్లెల్లో ఆములో కాలే కుండకు ఏడెనిమిది వందల డిగ్రీల వేడి తగులుతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది గానీ కరిగి గాజు మాదిరి మూసుకుపోదు. కంటికి ఆనని రంధ్రాలు మిగిలిపోతాయి. వాటిలోనుంచి నీరు చెమ్మగా బయటికొచ్చి, గాలికి ఆవిరైపోతూ లోపలి నీళ్ల వేడిని లాగేస్తుంది. నలభై డిగ్రీలు దాటిన అనంతపురం ఎండలో కడవ నీళ్లు చల్లగా ఉండేది అందుకే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ గడ్డ మీద ఆ చల్లటి గుక్కెడు ఎంత విలువైందో బయటివాళ్లకు చెప్పినా తెలియదు. ఆ రంధ్రాల్లోకే మా మైల కూడా దిగిపోతుందని వాళ్ల నమ్మకం. వాళ్లను చల్లబరిచిన రంధ్రాలే మమ్మల్ని దూరం పెట్టేదానికి సాక్ష్యమైనాయి.

సరే, మరి తోలు బాన సంగతేమి? కరెంటు మోటార్లు రాకముందు మా సీమలో బావుల మీద కపిల తోలేవాళ్లు. చచ్చిన ఎద్దు తోలు మా తాత ఒలిచి, తంగేడు చెక్కతో ఊని, కుట్టిన బాన అది. తెల్లారి నుంచి పొద్దుగూకే దాకా ఆ తోలులో మునిగి లేచిన నీళ్లే దొరల మడికి, తోటకు పారేవి. ఆ నీళ్లతో పండిన గింజే దేవుడికి నైవేద్యం. ఎవరూ దాన్ని శుద్ధి చేయలేదు, కాల్చలేదు, పగలగొట్టలేదు. చచ్చిన గొడ్డు తోలులో లేని మైల బతికిన ఆడమనిషి వేలికొనకు ఎట్లా వచ్చిందని నేను చాలామందిని అడిగినాను. ఒకాయన, పెద్ద చదువు చదివినాయన, "అవన్నీ పాత విషయాలు మాస్టారూ" అన్నాడు. జవాబు లేనప్పుడు విషయం పాతదైపోతుంది.

పాతదే. పేష్వాల కాలంలో పుణేలో అంటరానివాడు తన ఉమ్మి నేల మీద పడకుండా మెడకు మట్టికుండ కట్టుకొని తిరగాల్సి వచ్చిందని అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో రాశాడు. 1927 మార్చి 20న మహాడ్‌లో ఆయన వెంట నడిచిన జనం చవదార్ చెరువు నీళ్లు తాగితే, తర్వాత సవర్ణులు 108 కుండల్లో పేడ, పంచితం, పాలు, పెరుగు నింపి మంత్రాలు చదువుతూ ఆ చెరువును శుద్ధి చేశారు. గొడ్లు తాగితే చెడని చెరువు మనుషులు తాగితే చెడింది. దాన్ని బాగుచేసేదానికి మళ్లీ కుండలే కావాల్సొచ్చినాయి. మన దగ్గరికొస్తే 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర గేదెలను కడగొద్దన్నందుకు గొడవ మొదలైంది. మున్నంగి సువార్త తన మీదికొచ్చినవాళ్లకు అడ్డంగా బిందె ఎత్తింది. జులై 17న ఆరుగుర్ని చంపారు. మన ఉద్యమ చరిత్రలో ఆ బిందెకు ఉన్న చోటు మ్యూజియంలో ఏ కుండకూ లేదు.

ఈ చరిత్ర వెంటబెట్టుకొని పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను హార్స్‌లీ హిల్స్ మీద మూడు రోజులు మట్టి పిసికినాను.

చెప్తే మా గేరిలో నవ్వినారు. "కొండమీదికి పోయి బురద తొక్కేదానికి జీతమిస్తారా?" అని మా చిన్నాయన. జీతమిచ్చేది కాదు చిన్నాయనా, వాళ్లే కడతారు, ఒక్కొక్కరు ఎనిమిది వేలు, అంటే ఆయన నమ్మలేదు. నేను కట్టలేదు. శిబిరం నడిపేవాళ్లు ప్రభుత్వ టీచర్లకు రెండు సీట్లు ఉచితంగా ఇచ్చారు. జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు బ్యాగు లేని చదువు అని ఒక మాట ఉంది కదా. ఆ రోజుల్లో వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పిల్లలు పని చూసి నేర్చుకోవాలట. మా మండలం నుంచి నన్ను పంపినారు.

కదిరి, ములకలచెరువు మీదుగా మదనపల్లె చేరి, అక్కడినుంచి మెలికల దారిలో పైకి పోవాల. నాలుగు వేల అడుగుల పైన చల్లటి గాలి. దాని పాతపేరు ఏనుగుమల్లమ్మ కొండ. కడప కలెక్టర్‌గా ఉన్న హార్స్‌లీ దొర ఎండ తప్పించుకునేదానికి పైన ఇల్లు కట్టుకున్నాడు, పేరు మారిపోయింది. ఎండాకాలం ఎండనుంచి పారిపోగలిగినవాడి పేరు కొండకు నిలుస్తుంది. కింద ఎండలో ఉండిపోయినవాళ్ల పేరు దేనికీ పెట్టరు.

వచ్చినవాళ్లు బెంగళూరు, హైదరాబాదు మనుషులు. కంప్యూటర్ ఉద్యోగాలవాళ్లు, ఒక డాక్టరు, బ్యాంకులో రిటైరైన ఒక పెద్దామె. వాళ్లను ఎక్కిరించాలని నాకు లేదు. ఎక్కిరించడం సులభం. ఆ పెద్దామెకు చేతులు వణుకుతాయి. రెండో రోజు సాయంత్రం సారె మీద ఆమె చేతుల్లో మట్టి నిలబడి, పైకి లేచి, ఒక చిన్న గిన్నె ఆకారానికి వచ్చినప్పుడు ఆమె కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఆ సంతోషం దొంగది కాదు. నా చేతికింద మట్టి మొదటిసారి కుదురుకున్నప్పుడు నాకూ ఒళ్లు జల్లుమంది. లోపలి బొటనవేలికీ బయటి వేళ్లకూ మధ్య గోడ పల్చనైపోతూ పైకి పాకుతుంటే, అదేదో మనం చేస్తున్నట్టు ఉండదు, మన చేతుల్లో అదే పెరుగుతున్నట్టు ఉంటుంది. శ్రమలో ఆనందముందని మార్క్సిస్టు మిత్రులు చెప్తే నేను విననివాణ్ణి. అక్కడ విన్నాను.

అయితే నన్ను ఆలోచనలో పడేసింది వేరే. మూడో రోజు సాయంత్రం అందరూ కొళాయి కింద చేతులు కడుక్కున్నారు. మట్టి పోయింది. గోళ్లలో కూడా మిగల్లేదు. కుమ్మరి పురుగు అని ఒక పురుగు ఉంది, ఎంత బురదలో తిరిగినా దానికి మట్టి అంటదంటారు. సంసారంలో ఉన్నా అంటకుండా ఉండే జ్ఞానికి మన పెద్దలు దాన్ని పోలికగా చెప్తారు. ఆ రోజు నాకు ఆ పోలిక మీద అనుమానమొచ్చింది. మట్టి అంటకపోవడం పురుగు గొప్పతనం సరే. ఆ పురుగుకు తన పేరిచ్చిన కుమ్మరికి మాత్రం పుట్టినప్పట్నుంచి చచ్చేదాకా, చచ్చినాక బిడ్డలకూ మట్టి అంటుకునే ఉంటుంది. అంటనివాడు జ్ఞాని, అంటినవాడు కులం. ఏమి వేదాంతమప్పా ఇది!

శిబిరం నడిపే ఆమె రాత్రిళ్లు చర్చ పెట్టేది. జపాన్‌లో యానగి సోయెత్సు అనే ఆలోచనాపరుడు (1889–1961) పేరు తెలియని పల్లె కుమ్మర్ల పాత్రల్లోనే నిజమైన అందం ఉందన్నాడని చెప్పింది. ఆయన వ్యాసాలను బెర్నార్డ్ లీచ్ అనే ఇంగ్లీషు కుమ్మరి 1972లో పుస్తకంగా తెచ్చాడు. దాని పేరుకు అర్థం తెలుగులో 'అనామక శిల్పి' అని చెప్పుకోవచ్చు. తన పేరు చెక్కుకోవాలనే అహం లేకపోవడమే ఆ పనికి అందమట. అందరూ తలలాడించారు. నేనొక ప్రశ్న అడిగినాను. పేరు పెట్టుకోకపోవడం వాళ్ల వినయమా, లేక పెట్టుకోమని ఎవరూ అడగకపోవడమా? పాండిచ్చేరిలో 1971లో ఇద్దరు అమెరికన్లు, రే మీకర్, డెబోరా స్మిత్, గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారు. మంచి పనే చేశారు, వాళ్ల దగ్గర ఎంతోమంది నేర్చుకున్నారు. వాళ్ల పేర్లు మనకు తెలుసు. వాళ్లకు లేని ఆ వినయం మా ఊరి కుమ్మరాయనకే ఎందుకు ఉండాల? చర్చ అంతటితో చల్లబడింది. టీ వచ్చింది. మట్టి కప్పుల్లో.

మట్టి కప్పంటే ఇంకో మాట. ఇప్పుడు పట్నాల్లో మట్టి కప్పులో టీ అంటే ముచ్చట. 2004లో రైల్వే మంత్రిగా లాలూ ప్రసాద్ స్టేషన్లలో వాటిని తెప్పించినప్పుడు కుమ్మర్లకు పని దొరుకుతుందని నేనూ సంతోషించాల్సిందే. కానీ తాగి పగలగొట్టే కప్పు ఎక్కడ పుట్టింది? ఒకడి పెదాలు తగిలినదాన్ని ఇంకొకడు ముట్టుకోకూడదన్న చోటనే దానికి గిరాకీ. మా పల్లె టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద మనవాళ్లు కొట్లాడితే, గ్లాసులు కలపలేదు. అందరికీ పారేసే గ్లాసులు పెట్టారు. అంటరానితనం పోలేదు, ప్లాస్టిక్ అయింది.

కొండమీద పని నేర్పిన పెద్దమనిషి పలమనేరు వైపు ఆయన. అక్కడి మట్టి బొమ్మలకు, కుండలకు దూరాభారం నుంచి కొనేవాళ్లుంటారు. అరవై దాటిన మనిషి. మొదటిరోజే నన్ను చూసి, "యా ఊరు సార్?" అన్నాడు. చెప్పినాను. "ఊర్లో యాడ?" అన్నాడు. ఈ రెండో ప్రశ్న ఏమడుగుతుందో మన పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. "మాదిగ గేరి, పెద్దాయనా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నా ఎదురుగా కూచున్నాడు. "చేతులు ఇట్ల పెట్టు సార్" అని తన చేతులు నా చేతుల మీద పెట్టి, రెండు జతల చేతులూ ఒకే బురదలో తిరుగుతుంటే, "మట్టి యాడికి గుంజితే ఆడికి నువ్వు పోవద్దు. నువ్వు కదలకుండా ఉండు, అదే నీ కాడికొస్తాది" అన్నాడు. సారె పని నోటితో చెప్తే రాదు. చెయ్యి పట్టుకోకుండా ఎవరూ నేర్పలేరు. ఆయన తాత మా అవ్వను బారెడు దూరంలో నిలబెట్టిన కులం మనిషే. ఆ పని స్వభావమే ఆయన చేతిని నా చేతి మీదికి తెచ్చింది. మా అవ్వకు ఈ పని నేర్పాల్సి వచ్చి ఉంటే బారెడు దూరం యాడుండేది? అందుకేనేమో ఎవరి పని వాళ్ల ఇంట్లోనే ఉండాలని కట్టడి చేశారు. పని కులం దాటితే చెయ్యి చేతిని పట్టుకుంటుంది.

ఇది చదివి కండ్లు తుడుచుకునేవాళ్లకు మిగతాది కూడా చెప్పాల. మధ్యాహ్నం భోజనాలప్పుడు మేమంతా బల్లల దగ్గర కూచున్నాము. ఆ పెద్దాయన వంటింటి వెనకాల గట్టు మీద విస్తరాకు వేసుకొని తిన్నాడు. మాదిగోణ్ణి నేను లోపల, కుమ్మరాయన బయట. గవర్నమెంటు జీతం నన్ను లోపల కూచోబెట్టింది. ఎందుకని అడిగితే శిబిరం ఆమె, "ఆయనకు అక్కడే ఇష్టం సార్" అంది. ఆయన్ను అడిగితే, "అలవాటు సార్" అన్నాడు. ఇష్టానికీ అలవాటుకూ మధ్య ఎంత దూరముందో తేల్చాల్సింది అక్కడే. ఎనిమిది వేలు కట్టినవాళ్లు మట్టిలో చేతులు పెట్టింది ఇష్టం. రేపు బాగలేదనుకుంటే మానేస్తారు. ఆయన అరవై ఏండ్లు పెట్టింది అలవాటు. మానేసే దారి ఎవరూ చూపించలేదు. ఒకే సారె, ఒకే మట్టి, ఒకే చేతి కదలిక. వద్దనగలిగే వీలు ఒక్కటే తేడా.

సాయంత్రం బీడీ తాగుతూ ఆయనే చెప్పినాడు. కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. సారె ముట్టడు. "నేర్పలేదా పెద్దాయనా?" అంటే కొంచేపు ఊరుకున్నాడు. "మీకందరికీ నేర్పతాండా గదా సార్. వానికి రాదని బాధే. వాడు చేయట్లేదని సంతోషమే. రెండూ ఉండాయి" అన్నాడు. ఆ తర్వాత ఆములో కంప వేసేదానికి లేచిపోయినాడు. శ్రమ గౌరవం మీద నేను చదివిన పుస్తకాలేవీ ఈ రెండు ముక్కలను ఒకచోట పెట్టలేదు.

కంచ ఐలయ్య 2007లో ఇంగ్లీషులో పిల్లలకోసం 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' అని పుస్తకం రాశాడు. కుండ చేయడం, తోలు ఊనడం, బట్టలుతకడం, క్షవరం చేయడం ఇవన్నీ విజ్ఞానమేనని, బళ్లలో చెప్పాలని ఆయన వాదం. నాకు ఆ పుస్తకం ప్రాణం. మా తాత చేసిందాంట్లో రసాయనశాస్త్రం ఉందని నాకు ముప్పై ఏండ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. అయినా బడిలోకి అడుగుపెట్టినప్పుడు నా భయం వేరే ఉంటుంది. 1953 జూన్‌లో, అప్పటికి మన అనంతపురం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, రాజాజీ పల్లె బళ్లలో సగంపూట చదువు, మిగతాపూట ఇంటి దగ్గర అమ్మానాన్నల పని అని పథకం తెచ్చాడు. కులవిద్య అని పెరియార్ ఉద్యమం తిరగబడింది. 1954లో రాజాజీ దిగిపోయినాక కామరాజ్ దాన్ని తీసేశాడు. ఆ సగంపూట నిలబడి ఉంటే మా నాయన బతుకు తోలు దగ్గరే ఆగేది, నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. నేటికీ ఆ ఆలోచన చావలేదు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కుటుంబం ఆ వృత్తిలోనే ఉండాలన్న షరతును తమిళనాడు 2024లో ఒప్పుకోక, ఆ రూపంలో అమలు చేయనంది. మనదగ్గర ఆ ప్రశ్న గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.

కొండ దిగి బడికి వచ్చినాక స్టాఫ్ రూములో మొదటి మాట ఏమొచ్చిందో తెలుసా? "ఏడో తరగతిలో కుమ్మరోళ్ల పిల్లోడు ఉన్నాడు కదా సార్, వాడే చూపిస్తాడులే, బయటోళ్లను పిలిచేదెందుకు?" చెడ్డ మనిషి అన్న మాట కాదు. బాగా పాఠం చెప్పే మనిషే. ఆ పిల్లోడు లెక్కల్లో క్లాసుకు ఫస్టు. వాడు బడికొచ్చేది తన నాయన పని తన నుదుట రాయలేదని తెలుసుకునేదానికి. మేము బ్యాగు తీయించి మళ్లీ అదే రాస్తామా?

ఇంకొక సంగతి. ఆ విధానపత్రంలో వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు అని రాసి చివర 'మొదలైనవారు' అన్నారు. చెప్పులు కుట్టేవాడు ఆ 'మొదలైనవారి'లో ఉన్నాడనుకోవాలి. మట్టి ముద్దు, తోలు కంపు. కుండ డ్రాయింగు రూములోకి పోయింది గానీ ఊనిన తోలు వాసన ఏ కొండమీది శిబిరంలోకీ పోలేదు. ఎనిమిది వేలు కట్టి గొడ్డు తోలు ఒలిచేది నేర్చుకుంటామని ఎవరైనా వచ్చిన రోజు చెప్పండి, శ్రమ గౌరవం మీద వాళ్ల ఉపన్యాసం మొదటి వరసలో కూచొని వింటాను.

నేను హెడ్మాస్టరుకు కాగితం రాసిచ్చినాను. పది రోజుల్లో మూడు రోజులు మట్టి, రెండు రోజులు తోలు. ఏ పిల్లవాడూ తన ఇంటి పని చేయకూడదు, వేరే ఇంటిదే నేర్చుకోవాల. కుమ్మరోళ్ల పిల్లోడు తోలు కుట్టాల. రెడ్ల పిల్లలు కూడా కుట్టాల. మా గేరి పిల్లలు సారె మీద కూచోవాల. నేర్పేవాళ్లు పిల్లలతోబాటు ఒకే వరసలో మధ్యాహ్న భోజనం తినాల. చెరువు ఒండ్రు మట్టి తెచ్చేదానికి పంచాయతీ అనుమతి కావాల, చెరువు ఎట్లా ఎండే ఉంది కాబట్టి తవ్వేదానికి ఇబ్బంది లేదు. పిల్లలు చేసిన ప్రతి కుండ అడుగున వాళ్ల పేరు గీయించాల. తోలు పనికి తల్లిదండ్రులు ఒప్పుకోరేమో అని హెడ్మాస్టరు గొణిగినాడు. ఎవరి తల్లిదండ్రులు సార్ అని అడిగినాను. జవాబు చెప్పకుండా కింద ఇంకో గడి చూపించినాడు. నేర్పేవాళ్లకు రోజుకు ఎంతివ్వాలో నింపలేదు నేను. ఉపాధి కూలి రేటు రాయమన్నాడు. కొండమీద ఒక్కొక్కరు కట్టిన ఎనిమిది వేలను మూడు రోజులకు భాగించి ఆ అంకె రాసినాను.

కాగితం ఇంకా ఆయన టేబుల్ మీదే ఉంది.